జతలో రెండో గింజ

బద్రీనాథ్ గారింట్లో ఏ గింజైనా ముందు ఎవరో ఒకరి పంటి కిందికి వెళ్లి, ఆ తర్వాతే డబ్బాలోకి వెళ్లేది. మిర్యాలగూడలో ఆయన రైసుమిల్లుకు తేమ చూసే మిషన్ వచ్చి చాలా కాలమైంది. అది ఏం చూపించినా ఆయన బస్తాలోంచి నాలుగు వడ్లు తీసి, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, ఒక గింజను పంటి కింద పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. టిక్కుమంటే ఎండినట్టు. మెత్తగా అణిగిందంటే అమ్మేవాడు ఎంత మొత్తుకున్నా ఆ సరుకు కాంటా ఎక్కేది కాదు. చూడగా మిగిలిన గింజలు చొక్కా జేబులోకి పోయేవి. సాయంత్రానికి ఆ జేబులో వడ్లు, నూకలు, కందులు అన్నీ కలిసి ఉండేవి. మామగారి జేబు దులిపాకే చొక్కా వాషింగ్ మెషిన్‌లో వేయాలన్నది నిహారిక ఈ ఇంటికి కోడలిగా వచ్చిన వారంలోనే నేర్చుకున్న పాఠం.

ఆ విద్య ఇప్పుడు మనవరాలికి వచ్చింది. నిత్యకు ఐదేళ్లు. తాత ఒళ్లో కూర్చుని ఆయనలాగే కళ్లు మూసుకుని గింజ కొరికేది.

"ఏమంటున్నది బిడ్డా?"

"టిక్కుమంది తాతా!"

"శాబాష్! ఇగ బేరం చెయ్యి."

ఆ గింజల మీద ఏం మందులు కొట్టి ఉంటారోనని నిహారిక ఒకటి రెండుసార్లు నోరు తెరిచింది. అత్తగారు కన్యక నవ్వి కొట్టిపారేసింది. "మేమందరం గిట్లనే పెరిగినం. సచ్చిపోయినమా?"

ఆ ఇంటికి ఎర్రగింజలు తెచ్చింది నిహారిక భర్త అక్షయ్. మిల్లుకు ఆనుకుని ఉన్న తమ కొట్లో కొత్త సరుకు పెట్టాలని అతని తాపత్రయం. హైదరాబాద్ నుంచి ఒక సంచి పట్టుకొచ్చి తండ్రి ముందు విప్పాడు. పెసల కన్నా కాస్త పెద్దవి, ముదురు ఎరుపు, ఒక పక్కన సన్నటి తెల్ల గీత.

"ఏందిరా ఇవి, ఎర్ర పెసలా?"

"అజుకీ అంటరు నాన్నా. జపానోళ్లు తింటరట. నీ షుగర్‌కు గూడ మంచిదట."

బద్రీనాథ్ ఒకటి పంటి కింద వేసి మొహం చిట్లించాడు. "జపానోళ్ల పండ్లు శానా గట్టియి రా. మనోళ్లకు అమ్మాలంటే పక్కన పండ్ల డాక్టర్ను కూసోవెట్టాలె."

"ఆ పేరు నా నోట్ల తిరగదు," అంది కన్యక. "ఎర్రపెసలనే అందాం."

అట్లా అవి ఆ ఇంట్లో ఎర్రపెసలయ్యాయి. నిహారిక వాటిని రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో మామూలు కన్నా నాలుగు కూతలు ఎక్కువ రానిచ్చి, ఎండుమిర్చి, కొబ్బరి వేసి గుగ్గిళ్లు చేసింది. ఇంకోరోజు బెల్లం వేసి మెదిపితే కమ్మటి ముద్ద అయింది. శనగపప్పు పూర్ణంలాగే ఉంది, రంగు మాత్రం ముదురు. కోదాడలో తమ్ముడు నిఖిల్ బట్టల కొట్టు పెడుతున్నాడు, శనివారం పూజ. ఆ పూజకు ఎర్రపెసల పూర్ణాలు చేసి పట్టుకెళ్లాలని ఆమెకు అప్పుడే తోచింది.

"కోదాడోళ్లకు శనగపప్పు పూర్ణం సాలదా, జపాన్ పూర్ణం గావాల్నా?" అని కన్యక ఎత్తిపొడిచింది.

"మొన్న మీరే కదత్తయ్యా రెండుసార్లు అడిగి పెట్టించుకున్నారు?"

"మంచిగుంటె అడుగరా మరి?"

శుక్రవారం పొద్దున ఇల్లంతా హడావుడి. అక్షయ్ ముందుగా కోదాడ వెళ్లి బావమరిదికి సాయం చేయాలి. మిగిలినవాళ్లు పూర్ణాలు పట్టుకుని సాయంత్రానికి చేరాలి. మామయ్య కొట్టు చూస్తానని పేచీ పెట్టి నిత్య కూడా తండ్రితో బయలుదేరడానికి తయారైంది. ఆ లోపు వంటింటి నేల మీద తన బొమ్మ తరాజు పెట్టుకుని, ఎర్రపెసల డబ్బా ముందేసుకుని దుకాణం ఆట ఆడుతోంది. నిహారిక పొయ్యి దగ్గర ఉప్మాకు పోపు వేస్తోంది. నూనె పొగలు కక్కుతోంది, ఆవాలు చిటపటమంటున్నాయి.

"అమ్మా, ఇది గట్టిగుంది," అంది వెనక నుంచి నిత్య.

"ఎండుగింజలు గట్టిగానే ఉంటాయి నాన్నా. ఉడికితే మెత్తబడతాయి. ఇక మూత పెట్టేయ్."

వెనక్కి తిరగలేదు. తిరిగితే పోపు మాడేది.

వాళ్ల కారు వెళ్లిపోయాక, అంట్లు తోమే వీరమ్మ గిన్నెలు బయటికి తీసుకెళ్లాక, నిహారిక రాత్రి నానబోసిన గింజలను చిల్లుల గిన్నెలోకి వంచింది. ఎర్రటి నీళ్లు జారిపోయాయి. గింజలు ఉబ్బి, తోలు వదులై, వేళ్ల మధ్య మెత్తగా జారుతున్నాయి. వాటి మధ్య ఒకటి జారలేదు. రాయనుకుని తీసి పారేయబోయి, కిటికీ వెలుతురులో చూసింది.

రాయి కాదు. రాత్రంతా నీళ్లలో ఉన్నా నీరు అంటనట్టే ఉంది. నున్నగా మెరుస్తోంది. మిగతా గింజలకు తెల్ల గీత ఉన్న చోట దీనికి నల్లటి కన్ను ఉంది.

గురివింద.

నిహారికకు ఆ గింజ చిన్నప్పటి నుంచీ తెలుసు. నడిగూడెంలో అమ్మమ్మ వాళ్ల పొలం కంచె మీద ఆ తీగ అల్లుకుని ఉండేది. కాయలు పగిలి ఎర్రగా కనిపిస్తే పిల్లలు ఎగబడేవాళ్లు. అమ్మమ్మ కర్ర పట్టుకుని వచ్చేది. "ఆడుకుంటే ఆడుకోండి. నోట్లో పెట్టారా, చచ్చారే! మింగితే బతికి బయటపడతారేమో, నమిలితే మటుకు దక్కరు." పక్కింటి పాడిగేదెను ఎవరో పగబట్టి, ఆ గింజలు నూరి పూసిన ముల్లుతో గుచ్చి చంపారని కూడా చెప్పేది. ఆ కథ విన్న రోజు పిల్లలెవరికీ అన్నం దిగలేదు.

"అత్తయ్యా!"

"దీపం పెట్టంగ గట్ల అరుస్తరా?" అంటూ కన్యక పూజగదిలోంచి వచ్చింది. కోడలి అరచేతిలోకి చూసి ఆమె భయపడలేదు. తప్పిపోయిన వస్తువు దొరికినట్టు మొహం విప్పారింది. "అగో, లక్ష్మి గింజ! దాన్ని గూడ నానవోసినవా? కడిగి మల్ల డబ్బల ఎయ్యి."

"దీన్ని డబ్బాలో మీరు వేశారా?"

"నేను గాక ఎవరేస్తరు? కొత్త గింజ ఇంట్లకొస్తె, పూజల పెట్టిన గురివిందల జత ఆ డబ్బల ఎయ్యాలె. గప్పుడు ఆ డబ్బ ఎన్నడు అడుగంటదు. మా అత్త ఏసేది, ఆమె అత్త గూడ ఏసేదట. నువ్వు సూడలేదా, బియ్యం డబ్బల, కందిపప్పుల, శనగలల్ల?"

నిహారిక చూసింది. ప్రతి డబ్బా అడుగునా పసుపు గుడ్డలో చిన్న మూట ఉండేది. పసుపుకొమ్ము అనుకుని ఎప్పుడూ విప్పలేదు.

"వాటిలో మూటగట్టి వేశారు కదా. దీంట్లో విడిగా ఎందుకు వేశారు?"

"ఎర్రదాంట్ల ఎర్రది, ఎవరి కండ్లవడదు, ఎవరు తియ్యరని..." కన్యక గొంతు అక్కడ కొంచెం తడబడింది. "ఏ, ఏమైంది? బంగారం తూచే గింజలవి. కంసాలి దుకాణంల ఎన్నేండ్ల సంది సూస్తున్న. బంగారం తూచే గింజ విషమెట్లయితది?"

నిహారిక ఆ మాట వినలేదు. అంతకు ముందు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. జత.

"జతంటే రెండు కదా అత్తయ్యా. రెండోది ఏది?"

నానిన గింజలన్నీ పాత చీర మీద పరిచారు. డబ్బాలో మిగిలిన ఎండు గింజలను చాటలో పోశారు. వీరమ్మ కూడా చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చుంది. ముగ్గురూ ఒక్కో గింజనూ వేలితో తిప్పుతూ పోయారు. తెల్ల గీత. తెల్ల గీత. నల్ల కన్ను కనిపిస్తుందని ఒక్కో గింజ దగ్గరా భయం, కనిపించనందుకు ఇంకా భయం. చాట అడుగు కనిపించింది. చీర మడతలు దులిపారు. పొయ్యి గట్టు కింద చీపురు పెట్టి ఊడ్చింది వీరమ్మ.

లేదు.

నేల మీద బొమ్మ తరాజు ఇంకా అక్కడే ఉంది. ఒక తట్టలో నాలుగు ఎర్రపెసలు. ఒకదానికి సగం లేదు, కొరికినట్టు. నిహారిక దాన్ని చూస్తూ ఉండిపోయింది. అప్పుడు, పొద్దుటి చిటపటల వెనక నుంచి ఆ మాట మళ్లీ వినిపించింది.

అమ్మా, ఇది గట్టిగుంది.

ఎండు ఎర్రపెసలు కొరకడం ఆ పిల్లకు కొత్త కాదు. ఎంత గట్టిగా ఉంటాయో దానికి తెలుసు. అయినా గట్టిగుందని చెప్పిందంటే, అది ఎర్రపెసల గింజ కాదు.

అక్షయ్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. నిఖిల్‌కు చేసింది. అమ్మకు చేసింది. కొత్త కొట్లో పాటల బాక్సులు పెట్టారేమో, ఎవరూ ఎత్తడం లేదు. తొందరలో వేలు జారి ఒకసారి గ్యాస్ ఏజెన్సీకి కలిసింది. కన్యక పక్కనే నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఇప్పుడు బంగారం మాట ఎత్తడం లేదు.

మిల్లులో ఉన్న బద్రీనాథ్‌కు ఫోన్ చేసి చెప్పింది. ఆయన వెనక వడ్లు ఆడించే హల్లర్ మోత వినిపిస్తోంది. "వస్తున్న," అన్నాడు ఆ మోతలోంచే. "బాల్యాను బండి తియ్యమంట."

ఆయన వచ్చేలోపు అక్షయే చేశాడు. "ఏంది నిహా, గన్ని మిస్డ్ కాల్సు? పాటల మోతల ఇనవడలే."

"నిత్య ఏం చేస్తోంది?"

"పండుకుంది. కార్ల వాంతి చేసుకుంది. దానికి అలవాటే గద, హుజూర్‌నగర్ దాటంగనే..."

నిత్యకు కారు పడదు. ఎప్పుడు కోదాడ వెళ్లినా ఆ దారిలో వాంతి చేసుకుంటుంది. ఈ రోజు కూడా అదేనా? అది మాత్రమేనా?

"లేపండి. వెంటనే లేపండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి."

అక్షయ్ ముందు నవ్వాడు. గురివింద అన్న మాట విన్నాక నవ్వు ఆగిపోయింది. బద్రీనాథ్ వచ్చి అత్తాకోడళ్లను కారెక్కించుకున్నాడు. వాళ్లు మిర్యాలగూడ దాటేలోపే అక్షయ్ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. కోదాడలో పిల్లల డాక్టర్ చూశాడట. గింజ పేరు వినగానే, ఇక్కడ పెట్టుకోవద్దు, సూర్యాపేట పెద్దదవాఖానకు పొండి అన్నాడట. హైవే ఎక్కామని చెప్పాడు.

"మేం కూడా అక్కడికే వస్తున్నాం," అంది నిహారిక. దొరికిన గింజను కాగితం పొట్లంలో కట్టి గుప్పిట్లో పట్టుకుని ఉంది. డాక్టరుకు చూపించాలని. దాన్ని పట్టుకున్న చెయ్యి ఒళ్లో పెట్టుకోవడానికి కూడా భయమేసి, పక్కకు చాచి పట్టుకుంది.

ముందు సీట్లో డ్రైవర్ బాల్యా పక్కన బద్రీనాథ్ కూర్చున్నాడు. వెనక అత్తాకోడళ్లు. రోడ్డుకు ఒక పక్కన వడ్లు ఆరబోశారు. ప్రతి కుప్ప దగ్గరా కారు మెల్లగవుతుంటే నిహారిక ముందు సీటును చేత్తో నెట్టింది, అట్లా నెడితే బండి త్వరగా పోతుందన్నట్టు.

"ఎవరెయ్యమన్నరే నిన్ను?" అన్నాడు బద్రీనాథ్ వెనక్కి తిరగకుండా. "పసిపిల్ల తిరిగే ఇంట్ల?"

"డబ్బల ఏసుడు మీ అమ్మ నేర్పిందే. అప్పుడు మీరేమన్న అన్నరా?" కన్యక ముందు సీటు వైపు వంగింది. "పిల్లకు కొరుకుడు నేర్పిందెవరు? ప్రతి గింజ పండ్లకింద పెట్టు బిడ్డా, పెట్టు బిడ్డా అని. ఎదుటోళ్లను అనుడు సులువే. గురివింద గింజ తన..."

సామెత సగంలో తెగిపోయింది. ఆ పేరే కార్లో ఉన్న అందరి మీదా పడింది. కన్యక రెండు చేతులతో నోరు మూసుకుంది.

నిహారిక మనసులో లెక్క వేసుకుంటోంది. ఒకరు వేశారు, ఒకరు నేర్పారు, ఒకరు సంచి తెచ్చారు. పిల్ల మాత్రం తనతోనే చెప్పింది. గట్టిగుందని చెప్పింది. తాను మూత పెట్టేయమంది.

పెన్‌పహాడ్ దగ్గర గేదెల మంద అడ్డొచ్చి కారు ఆగింది. బద్రీనాథ్ కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు. ఆయన చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి వెళ్లింది. రెండు వేళ్లతో ఏదో గింజ తీసి, చూడకుండానే నోటి దాకా తెచ్చాడు. పెదవికి తగలబోతుండగా తన చేతిని తానే చూసుకుని ఆగాడు. ఎవరైనా చూశారేమో అన్నట్టు అద్దంలోకి చూశాడు. నిహారిక చూస్తోంది. ఆయన సిగ్గుపడి చెయ్యి మళ్లీ జేబులోకి జార్చుకున్నాడు.

దవాఖాన మెట్ల మీద అక్షయ్ నిలబడి ఉన్నాడు. నిత్య అప్పటికే లోపల మంచం మీద ఉంది. మోచేతికి సూది, పక్కన సెలైన్ సీసా. మొహం వాడిపోయి, పెదవులు ఎండి ఉన్నాయి. తల్లిని చూసి ఏడవలేదు. అదే నిహారికను ఎక్కువ భయపెట్టింది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పేరు తారా. పొట్లం విప్పి గింజను చూసి, మళ్లీ మడిచింది. నిహారికను గుమ్మం దాకా తీసుకెళ్లింది.

"మీకు దాచి చెప్పను. దీనికి విరుగుడు మందు లేదు. ఒంట్ల నీళ్లు తక్కువ గాకుండ, బీపీ పడిపోకుండ సూసుకుంట పోవుడే. వాంతి ప్రయాణంతోని కావొచ్చు, ఇంకోదాంతోని కావొచ్చు. ఇప్పుడు మంచిగున్నా రేపు తెల్వొచ్చు, ఎల్లుండి తెల్వొచ్చు. ముక్క కాకుండ మింగితే చానాసార్లు అట్లనే బయటికి పోతది. నమిలితే అది వేరే ముచ్చట. పిల్ల ఏం చేసిందో నాకు తెలిస్తే సగం పని అయితది."

"అడిగారా?"

"అడిగిన. మీరు గూడ అడగండి."

బద్రీనాథ్ మంచం మీదికి వంగి అడిగాడు. "బిడ్డా, నల్లబొట్టు గింజ కొరికినవా?" నిత్య తల ఊపింది. అక్షయ్ అడిగాడు. "మింగినవా నాన్నా?" తల ఊపింది. "ఉమ్మేసినవా?" కన్యక అడిగింది. దానికీ ఊపింది. చుట్టూ ఇంతమంది పెద్దవాళ్లు, ఇన్ని పాలిపోయిన మొహాలు. ఏదడిగినా అవునంటే వదిలేస్తారనుకుంటోంది పిల్ల. అక్షయ్ గొంతు పెరిగింది. "సరిగ్గ చెప్పు నిత్యా!" నిత్య కళ్లు గట్టిగా మూసేసుకుంది.

"మీరంతా కాస్త వెనక్కి జరగండి," అంది నిహారిక. పెళ్లయ్యాక ఆ ఇంటి మగవాళ్లతో ఆమె అట్లా మాట్లాడటం అదే మొదలు. అందరూ జరిగారు.

ఆమె మంచం కాళ్ల వైపు నేల మీద కూర్చుంది. తల మంచం అంచుకు సమంగా వచ్చింది.

"సేటమ్మగారూ, దుకాణం తెరిచారా అండీ?"

నిత్య కదల్లేదు.

"ఎంతో దూరం నుంచి వచ్చానమ్మా. సామాను కావాలి."

ఒక కన్ను తెరుచుకుంది. "బంద్ ఉంది."

"అయ్యో. ఇంట్లో చుట్టాలొచ్చారు, వంట చేయాలి. ఎర్రపెసలు లేవా?"

"ఉన్నయ్." కాసేపాగి, "ఎన్ని గావాలె?"

"కిలో ఇవ్వండి. మంచివేనా?"

"పండ్లకింద ఏసి సూస్కో."

వెనక బద్రీనాథ్ ఊపిరి బరువుగా వదలడం వినిపించింది. నిహారిక ఖాళీ వేళ్లను నోటి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. "టిక్కుమంది. మంచివే. మరి నల్లబొట్టుది ఒకటి ఉందట కదా, అది కూడా ఇస్తారా?"

నిత్య మొహం చిట్లించింది. "అది మంచిగ లేదు. పన్ను నొచ్చింది."

"టిక్కుమనలేదా?"

"అనలే. గట్టిగుంది. నీకు చెప్పిన గద."

"చెప్పావు తల్లీ." నిహారిక మంచం అంచు పట్టుకుంది. "మరి అప్పుడు దాన్ని ఏం చేశారు సేటమ్మగారూ? చెత్తలో వేశారా?"

"సాంపుల్ పంపిన."

"ఎక్కడికి?"

"తాతకు. తాత ఫోన్ల మాట్లాడుతుండె. జేబుల ఏసిన." ఆట మధ్యలో ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు చూసింది. "తాత పండ్లు గట్టియి గద. తాత కొరుకుతడు."

నిహారిక మెల్లగా తల తిప్పింది. బద్రీనాథ్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది, లోపల తేలు ఉన్నట్టు. పెన్‌పహాడ్ దగ్గర పెదవిదాకా వచ్చిన వేళ్లు నిహారికకు గుర్తొచ్చాయి. ఆయనకూ గుర్తొచ్చాయని ఆ కళ్లే చెప్పాయి.

"తియ్యండి," అంది డాక్టరమ్మ, స్టీలు ట్రే ముందుకు జరిపి.

ఆయన తియ్యలేకపోయాడు. కన్యక వచ్చి భర్త జేబును లోపలి నుంచి బయటికి తిప్పింది. వడ్లు రాలాయి. నూకలు రాలాయి. ఒక కంది పప్పు, మడిచిన బస్సు టికెట్టు ముక్క. అన్నిటికన్నా చివర, కుట్టు మూలలో ఇరుక్కున్నది ఊడి, ట్రేలో టంగుమని పడి, ఒక చుట్టు తిరిగి ఆగింది. ఎర్రగా ఉంది. నల్లటి కన్ను పైకి చూస్తోంది.

డాక్టరమ్మ దాన్ని చిన్న పట్టకారుతో ఎత్తి దీపం కిందికి తీసుకెళ్లింది. తిప్పి తిప్పి చూసింది. ఎరుపు మీద సన్నటి గీత పడింది, చిన్న పన్ను జారినట్టు. లోపలి పప్పు మాత్రం కనిపించలేదు. తోలు పగల్లేదు.

"పాలపండ్లకు లొంగలేదు," అంది. ఆమె కూడా అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకుని ఉందని అప్పుడే తెలిసింది. "అయినా నేను ఇప్పుడే పంపను. గీత పడ్డది గద, రెండు రోజులు సూద్దాం." తర్వాత బద్రీనాథ్ వైపు తిరిగింది. "మీరు నోట్ల పెట్టుకున్నరా?"

"పెట్టుకోబోయిన," అన్నాడాయన. పిల్లికూతలా సన్నగా వచ్చింది మాట. "ఏ గింజో సూడలేదమ్మా. నేనెప్పుడు సూడను."

ఆయనవి పాలపళ్లు కావు.

ఆ రెండు రోజులూ నిహారిక పిల్ల మంచం వదల్లేదు. నిత్యకు ఎక్కిళ్లొస్తే లేచి కూర్చుంది. నిత్య నవ్వితే, అంత నవ్వు ఎందుకొచ్చిందోనని నుదురు పట్టుకుని చూసింది. మూత్రం పోసుకుందా, నీళ్లు తాగిందా, కళ్లు తేటగా ఉన్నాయా. ఏమీ కాలేదని డాక్టరమ్మ చెప్పి పంపినప్పుడు కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు. నిఖిల్ కొట్టు పూజ పూర్ణాలు లేకుండానే అయిపోయింది.

ఇంటికొచ్చిన రోజే కన్యక అన్ని డబ్బాలూ దింపి, అడుగున ఉన్న పసుపు మూటలన్నీ తీసేసింది. వాటిని ఏం చేసిందో నిహారిక అడగలేదు. పూజగదిలో పై అరలో మూత బిగించిన గాజు సీసా ఒకటి కొత్తగా కనిపించింది. బద్రీనాథ్ చొక్కాలకు జేబులు ఎప్పట్లాగే ఉన్నాయి కానీ, సాయంత్రం దులిపితే ఏమీ రాలేదు. ఎర్రపెసల డబ్బా మాత్రం అరలో ఉన్నచోటే ఉండిపోయింది. దాన్ని తీయడానికీ ఎవరికీ చెయ్యి రాలేదు, పారేయడానికీ రాలేదు.

చివరికి కన్యకే అడిగింది. "గుగ్గిళ్లు చెయ్యి నిహారికా. ఆ డబ్బ దిక్కు సూసినప్పుడల్ల నా పాణం పోతుంది. వండుకుని తినేస్తే పీడన్న వోతది."

ఇద్దరూ కూర్చుని ఏరారు. ఏరినవి మళ్లీ ఏరారు. నానబెట్టాక ఏరారు. ఉడికాక, వేలితో ఒక్కొక్కటీ నొక్కి చూసింది నిహారిక. పోపు పెడుతుండగా, నూనె కాగి ఆవాలు పడుతుండగా, వెనక నుంచి పిలుపు వచ్చింది.

"అమ్మా!"

నిహారిక గిర్రున తిరిగింది. గరిటె చేతిలోంచి జారింది. నిత్య గుమ్మంలో నిలబడి ఉంది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. నిహారిక నోరు తెరిపించి చూసింది, అదీ ఖాళీగానే ఉంది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. ఉత్తగనే పిలిచిన."

వెనక పొగ లేచింది. ఆవాలు మాడి వంటిల్లంతా ఘాటెక్కింది.

మాడిన పోపుతోనే గుగ్గిళ్లు కలిపి పళ్లెంలో పెట్టింది. అందరూ చుట్టూ కూర్చున్నారు. ఏ గింజ వచ్చినా ముందు నేనంటే నేనని నోట్లో వేసుకునే ఇల్లు అది. ఇప్పుడు ఎవరి చెయ్యీ లేవలేదు. అక్షయ్ నీళ్ల గ్లాసు అటూ ఇటూ జరిపాడు. బద్రీనాథ్ గొంతు సవరించుకుని చెయ్యి చాపబోయాడు.

"మీరాగండి." కన్యక పళ్లెం తన వైపు లాక్కుంది. "ఏసింది నేను." ఒక పిడికెడు తీసి నోట్లో వేసుకుంది. ఆమె దవడ కదలడం, ఆగడం, మళ్లీ కదలడం అందరూ చూస్తూ కూర్చున్నారు. గొంతు దిగింది.

"పోపు మాడవెట్టినవ్," అంది.

నిత్య అప్పటికే చెయ్యి పెట్టేసింది. ఒక గింజ తీసి పంటి కింద పెట్టుకుని, తాతలాగా కళ్లు మూసుకుంది. నిహారిక కళ్లు ఆ చిన్న నోటి మీదే ఆగిపోయాయి.

"టిక్కుమనలే," అంది నిత్య కళ్లు తెరిచి. "మెత్తగుంది అమ్మా."

"ఏదీ, చూపించు," అంది నిహారిక. పిల్ల నోరు తెరిచింది. నాలుక మీద నలిగిన ఎర్రటి ముద్ద ఉంది. అది గొంతు దిగేదాకా ఆమె చూపు తిప్పుకోలేదు. నిత్య ఇంకో గింజ తీసుకుంది.